నాలుగో మూల పిన్ను

మా పెదనాన్నకి ఇంగ్లీషు రాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆయన పనిచేసిన ఇనుప యార్డులో అందరూ ఆయన్ని డిక్షనరీ అని పిలిచేవాళ్ళు. ఆ పేరు వింటే ఎవరో బాగా చదువుకున్నాయన అనుకుంటారు. ఐదో తరగతి గడప కూడా దాటలేదు. ఒకసారి పైనుంచి తనిఖీకి వచ్చిన పెద్ద ఆఫీసరు ఈయన భుజం తట్టి, ఎలా ఉన్నావని ఇంగ్లీషులో అడిగితే, "టైట్ సార్" అన్నాడు. ఆఫీసరు పొట్ట పట్టుకుని నవ్వాడట. పెదనాన్న ఇంటికొచ్చి, "తప్పేం చెప్పాను? లూజుగా ఉన్నానని చెప్పనా?" అని పెద్దమ్మ మీద ఎగిరాడు. మధ్యలో పాపం పెద్దమ్మేం చేసిందో ఎవరికీ తెలియదు.

ఆయనకొచ్చిన ఇంగ్లీషంతా ఒకే రకం మాటలు. ఒకదాన్ని ఇంకోదానికి కట్టేవి, బిగించేవి, తగిలించేవి. బోల్టు, నట్టు, వాషరు, రివెట్టు, హుక్కు, షాకిల్, లింకు, కప్లింగు, క్లాంపు, క్లిప్పు, టర్న్‌బకిల్. మొత్తం నూట పద్నాలుగు వచ్చని ఆయన లెక్క. వాటిని దాటి ఒక్క ఇంగ్లీషు మాట అడిగినా తెల్లమొహం వేసేవాడు. అదే క్లిప్పుకీ క్లాంపుకీ తేడా ఏంటని అడిగితే మాత్రం కుర్చీ లాక్కుని కూర్చునేవాడు. వేలితో తీయగలిగితే క్లిప్పు, తీయడానికి స్పానరు కావాలంటే క్లాంపు, తీసే ఆలోచనే పెట్టుకోకూడనిది రివెట్టు. "మనకి ముడి అంటే చాలు, కట్టు అంటే చాలు. వీళ్ళు చూడు, పనిలేక ప్రతి చీలకీ ఒక పేరు పెట్టుకున్నారు" అని ఆ ఇంగ్లీషువాళ్ళని తిడుతూనే, ఆ పేర్లని నోట్లో చప్పరించినట్టు పలికేవాడు.

నాన్న పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. అమ్మా నేనూ పెదనాన్న ఇంటికి వచ్చేశాం. వాళ్ళకి పిల్లల్లేరు. వచ్చిన వారానికే మా అందరికీ పేర్లు పెట్టేశాడు. పెద్దమ్మ రివెట్టు, "ఒకసారి దిగింది, ఇక ఊడదు" అనేవాడు. ఆయనకీ పెద్దమ్మకీ గొడవైనప్పుడల్లా మధ్యలో కూర్చుని ఇద్దరికీ రాపిడి లేకుండా చూసేది కాబట్టి అమ్మ వాషరు. ఎక్కడికెళ్ళినా ఆయన చొక్కా కొసని పట్టుకుని వేలాడేదాన్ని కాబట్టి నేను క్లిప్పు. అమ్మ ముప్పై ఏళ్ళకే విధవరాలైన మనిషి, నవ్వడం మానేసిన మనిషి. వాషరూ అని పిలిస్తే మాత్రం మూతి ముడుచుకుంటూనే నవ్వేది. ఆయన నాకు అన్నం పెట్టాడు, చదువు చెప్పించాడు, మా అమ్మని నవ్వించాడు. ఇవన్నీ నిజాలే, వీటిని నేను కాదనను.

మా యార్డులో పెద్ద పెద్ద ఇనుప చట్రాలు తయారవుతాయి. వంతెనలకీ గోదాములకీ వెళ్తాయి. పనిచేసేవాళ్ళు ఐదారు భాషలవాళ్ళు. అన్నాల దగ్గర కూర్చుంటే ఒకడి మాట ఇంకొకడికి ముక్క అర్థం కాదు. అందరికీ అర్థమయ్యేవి ఈ ఇనుప మాటలొక్కటే. పెదనాన్న పదిహేడేళ్ళప్పుడు చేరిన మొదటి రోజు, ఎవరో "హుక్" అని అరిచారట. అదేంటో తెలియక ఈయన అక్కడే నిలబడి దిక్కులు చూశాడు. క్రేను హుక్కు వచ్చి భుజం చీల్చేసింది. "మొదటి మాట అలా నేర్చుకున్నా" అని ఆ మచ్చ చూపించేవాడు. కొత్తగా చేరినవాళ్ళు ఎవరూ అలా నేర్చుకోకూడదని, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక రేకు పళ్ళెంలో బోల్టులూ పిన్నులూ పోసుకుని కూర్చునేవాడు. ఒక్కోటి చూపించి పేరు చెప్పేవాడు, వాళ్ళ చేత పదిసార్లు అనిపించేవాడు. ఎంతమంది కాళ్ళూ చేతులూ ఆయన వల్ల మిగిలాయో లెక్కలేదు.

నాకు యార్డు స్టోరులో ఉద్యోగం వచ్చింది కూడా ఆ మాటల వల్లే. కిటికీ ఇవతల నేను, వెనకాల నాలుగు వందల డబ్బాలు. ఎవరు ఏ భాషవాళ్ళయినా వచ్చి పేరు చెబితే చీటీ రాసి వస్తువివ్వాలి. అక్కడే మా ఆయన తగులుకున్నాడు. బాగా పొడుగు. కిటికీలోంచి నా మొహం చూడాలంటే నడుం వంచాల్సి వచ్చేది. యార్డంతా పొడుగోడు అనేవాళ్ళు. రోజుకి మూడుసార్లు వచ్చి వాషర్లు అడిగేవాడు. పెదనాన్న రెండు వారాలు చూసి ఒకరోజు కిటికీ దగ్గరకొచ్చి, "వాడికన్ని వాషర్లెందుకే? తింటున్నాడా?" అన్నాడు. నేను డబ్బా వెనక్కి నక్కాను. నెల తిరక్కుండా పెళ్ళి మాట్లాడింది ఆయనే. మా ఆయన్ని తన గుంపులోకే తెచ్చుకున్నాడు, తను పైనా అతను కిందా ఉండేలాగ.

ఈ పైనా కిందా అన్నదేంటో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఒక చట్రాన్ని క్రేను ఎత్తాలంటే నాలుగు మూలలా నాలుగు షాకిళ్ళు తగిలించాలి. షాకిల్ అంటే గుర్రపు నాడా ఆకారంలో లావుపాటి ఇనుప వంపు. దాని నోటికి అడ్డంగా బోల్టు, బోల్టు చివర నట్టు, నట్టు తిరిగి ఊడిపోకుండా ఒక చిన్న స్ప్లిట్ పిన్ను. పిన్నుని కన్నంలో దూర్చి, రెండు కాళ్ళూ విడదీసి వంచాలి. పక్కనున్న మంచె ఎక్కినవాడు ఒక్కోటి పెట్టి, దాని పేరు గట్టిగా పిలుస్తాడు. కింద నిలబడినవాడు అదే మాట తిరిగి పలుకుతాడు. పైన "బోల్టూ" అంటే కింద "బోల్టూ". పైన "పిన్నూ" అంటే కింద "పిన్నూ". నాలుగు మూలలూ అలా అయ్యాక కిందివాడు చెయ్యెత్తితే క్రేను కదులుతుంది.

కిందివాడు నిచ్చెన ఎక్కి, పిన్నుని కళ్ళారా చూశాకే తిరిగి పలకాలి. ఇది షెడ్డు గోడ మీద అడుగెత్తు అక్షరాలతో రాసి ఉంది. కానీ పైన ఉన్నది మా పెదనాన్న అయితే ఎవరూ నిచ్చెన ముట్టుకునేవాళ్ళు కాదు. ఎప్పుడో ఒకడు ఎక్కి చూశాడట. ఈయన కిందకి దిగి, వాడితో నెలరోజులు మాట్లాడలేదు. "నా నోటి మీద నమ్మకం లేనివాడు నాతో పనెందుకు చెయ్యాలి?" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన పిలుపు వినడమే చూడటం. మెల్లగా ఇది మిగతా వాళ్ళకీ అంటుకుంది. ఎవరు పైనున్నా ఎవరూ చూడటం లేదు. వినడం, పలకడం, చెయ్యెత్తడం. ఆ గుంపు పని చకచకా జరుగుతుందని మేనేజరు మెచ్చుకునేవాడు కూడా.

కుర్రతనంలో పెదనాన్న పదేళ్ళపాటు గాలితో కొట్టే రివెట్టు సుత్తి పట్టాడు. ఆ అదురు వేళ్ళలో ఉండిపోయింది. ఏభై దాటాక వేలికొసలు తెల్లబడటం, మొద్దుబారడం మొదలైంది. నాకెలా తెలిసిందంటే, ఒకరోజు కిటికీ బల్ల మీద నాలుగు వాషర్లు పెట్టాను. ఆయన తీసుకోవడానికి వేళ్ళతో గీరాడు, గీరాడు, అవి లేవలేదు. చివరికి అరచేత్తో బల్ల అంచుదాకా నెట్టుకుని, రెండో చేతిలోకి పడేసుకున్నాడు. నేను ఫక్కున నవ్వాను. ఆయన నవ్వలేదు.

"ఎవరికీ చెప్పకే" అన్నాడు.

"ఎన్నాళ్ళనించి పెదనాన్నా?"

"ఉందిలే కొన్నాళ్ళుగా. చలికాలం కదా."

అప్పుడు ఎండాకాలం.

"పోనీ ఆయనతో చెబుతాను. కిందుండేది ఆయనేగా, కాస్త చూసుకుంటాడు."

"వాడికసలు చెప్పకు." ఆయన గొంతు మారిపోయింది. "చెబితే వాడు నిచ్చెన ఎక్కుతాడు. అందరూ చూస్తుండగా ఎక్కి చూస్తాడు. ఇక నేనెందుకే ఈ యార్డులో? రెండేళ్ళు. రెండేళ్ళాగితే నేనే దిగిపోతా. నీకు దణ్ణం పెడతా."

నన్ను పెంచిన మనిషి కిటికీ బయట నిలబడి చేతులు జోడిస్తుంటే నేనేమనగలను? సరేనన్నాను. అంతటితో ఊరుకున్నానా? ఆయన వేళ్ళ మధ్యనుంచి పిన్నులు జారిపోతాయి కదా అని, చీటీ మీద నాలుగని రాసి గుప్పెడు ఇవ్వడం మొదలుపెట్టాను. అది నా ప్రేమ అనుకున్నాను, నా బుద్ధి మండ! ఒకే మంచం మీద పడుకునే మొగుడికి ఈ సంగతి ఒక్కరోజు కూడా చెప్పలేదు.

రెండేళ్ళు నిండడానికి ఇంకా మూడు నెలలుంది. పొద్దున పదిన్నర అయివుంటుంది. నేను చీటీలు సర్దుకుంటున్నాను. నేల అదిరింది. డబ్బాల్లోని నట్లన్నీ ఒక్కసారి గలగలమన్నాయి. ఆ తర్వాత చప్పుడు లేదు, అరుపులు కూడా లేవు. అది చూసి భయమేసింది నాకు. మామూలుగా ఏదైనా పడితే అరుస్తారు కదా! నేను పరిగెత్తి వెళ్ళేసరికి చట్రం ఒక మూల నేలలో దిగబడి ఉంది. దాని కింద నుంచి మా ఆయన బూట్లు కనిపిస్తున్నాయి. ఇంకేమీ రాయను. పెదనాన్న మంచె మీదే ఉన్నాడు, రెండు చేతులూ ముందుకు చాపి.

ఏం జరిగిందో ఆయన నోటితోనే విన్నాను. నేనే కాదు, విచారణ గదిలో అందరూ విన్నారు. పొడుగు బల్ల, అటు ముగ్గురు అధికారులు, ఇటు గుంపులోని ఆరుగురు, చివర నేను. పెదనాన్న లేచి నిలబడి, ఒక్క మాట కూడా తడబడకుండా చెప్పాడు.

"నా వేళ్ళు పనిచెయ్యవు. పిన్ను దూర్చడానికి నాకు అర నిమిషం పడుతుంది. ఆలస్యమైతే తెలిసిపోతుందని ముందే పిలిచేసి, తర్వాత పెట్టేవాణ్ణి. ఏడాదిగా అంతే చేస్తున్నా. ఆ రోజు నాలుగో మూల దగ్గర నట్టు రెండు చుట్లే ఎక్కింది. పిన్ను జారి కింద పడింది. నేను పిన్నూ అని పిలిచి, జేబులోంచి ఇంకోటి తీస్తున్నా. వాడు బదులు పలికి చెయ్యెత్తాడు. క్రేను తాడు బిగిసింది. ఆపు అని అరవడానికి నాకు టైముంది సార్. అరిస్తే, పెట్టకుండా పిలిచానని అందరికీ తెలిసిపోతుంది. ఈ ఒక్కసారికి ఏం కాదులే, దింపాక పెడదాం అనుకున్నా. గాల్లో చట్రం తిరిగింది, నట్టు తిరిగి ఊడింది. వాడు చట్రాన్ని అదుపు చేసే తాడు పట్టుకుని కిందే నడుస్తున్నాడు. వాడి తప్పు ఏమీ లేదు. నేనే చంపాను."

పెద్ద అధికారి ఒక గ్లాసుతో నీళ్ళు ఆయన ముందుకి జరిపాడు. "కూర్చోండి పెద్దాయనా. అల్లుణ్ణి పోగొట్టుకున్నారు. మీ బాధ మాకు అర్థమవుతుంది" అన్నాడు.

"బాధ కాదు సార్, నిజం."

"సరే సరే, కూర్చోండి."

తర్వాత గుంపులోని ఆరుగుర్నీ ఒకరి తర్వాత ఒకర్ని అడిగారు. ఆరుగురూ ఒకే మాట. డిక్షనరీ గారు ముప్పై ఎనిమిదేళ్ళలో ఒక్క పిలుపూ తప్పు పిలవలేదు. మేమందరం ఎప్పుడూ నిచ్చెన ఎక్కి చూశాకే బదులు పలుకుతాం. పొడుగోడు ఆ రోజు ఎక్కలేదు. క్రేను నడిపేవాడైతే కళ్ళు తుడుచుకుంటూ, "అల్లుడి మీద ప్రేమతో పెద్దాయన తన నెత్తిన వేసుకుంటున్నాడు సార్" అన్నాడు. పెదనాన్న లేచి, "ఒరేయ్, అబద్ధంరా! మీలో ఎవడెక్కాడురా ఎప్పుడైనా?" అని అరిచాడు. పక్కనున్నవాళ్ళు ఆయన్ని పట్టుకుని కూర్చోబెట్టారు, చాలా మర్యాదగా.

నా వంతు వచ్చింది. ఇక నేను చెబితే తేలిపోతుందనే అనుకున్నాను. ఆ రోజు పొద్దున ఎన్ని పిన్నులిచ్చావని అడిగారు.

"గుప్పెడు."

"చీటీలో నాలుగని ఉంది."

"నాలుగని రాసి గుప్పెడిచ్చాను. ఆయన చేతుల్లోంచి జారిపోతాయి. రెండేళ్ళుగా అలాగే ఇస్తున్నాను."

"అంటే ఆయన దగ్గర ఎన్నున్నాయో, ఎన్ని వాడారో, ఎన్ని మిగిలాయో ఎవరికీ తెలియదు."

"ఆయన వేళ్ళు పనిచెయ్యవు సార్. నాకు తెలుసు."

అధికారి ఒక కాగితం తిప్పాడు. నాలుగు నెలల క్రితం డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్టు. పైకెక్కే పనికి యోగ్యుడు అని ఉంది. ఆ డాక్టరు చెయ్యి చూడలేదు, నాలిక చూసి పంపించేశాడు. అది నాకు తర్వాత తెలిసింది.

"మీకు రెండేళ్ళుగా తెలిస్తే ఎవరికీ ఎందుకు చెప్పలేదు? కనీసం మీ భర్తకైనా?"

నోరు తెరిచి, మూసుకుని, కూర్చున్నాను. అధికారి ఏదో రాసుకున్నాడు. మొగుడు పోయిన మనిషి ఏదో ఒకటి చెప్పి నింద తప్పించాలని చూస్తోందని రాసుకుని ఉంటాడు.

బయటికొచ్చాక క్రేను నడిపేవాడు నా వెనకే వచ్చాడు. "అమ్మా, మేం ఎవరం చూడం అని చెబితే ఆరు కుటుంబాలు రోడ్డున పడతాయి. పోయినవాడు ఎలాగూ రాడు. పెద్దాయన పేరన్నా నిలబడనీ" అన్నాడు.

"నీ నోట్లో మన్ను పడ! నిలబెట్టాల్సింది ఎవరి పేరు?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. వాడు తలొంచుకుని అన్నీ పడ్డాడు. పడినంత మాత్రాన ఏమొచ్చింది? వెనక్కి లోపలికెళ్ళి నిజం చెప్పొచ్చాడా?

నెలకి నివేదిక వచ్చింది. కింద నిలబడిన కార్మికుడు స్వయంగా చూడకుండా బదులు పలకడమే ప్రమాదానికి కారణం. అంతే, ఒకే ఒక్క వాక్యం. నష్టపరిహారం కింద ఇవ్వాల్సింది ఇచ్చారు, దాని గురించి నాకు పేచీ లేదు. ఆ వాక్యంతోనే నా పేచీ. కాగితం ప్రకారం అది అబద్ధం కూడా కాదు. ఆయన చూడలేదు, నిజమే. ఎందుకు చూడలేదో మాత్రం ఎక్కడా లేదు. మా అత్తగారు నా చేత ఆ కాగితం రెండుసార్లు చదివించుకుని, "వాడికి చిన్నప్పట్నించీ తొందరే. మొత్తుకుంటూనే ఉన్నాను, విన్నాడా?" అని గోడవైపు తిరిగి పడుకుంది. అది కాదత్తయ్యా అని ఎన్నిసార్లు చెప్పానో! "నువ్వలాగే అంటావులే, నీ మొగుడు కదా" అనేది. కన్నకొడుకుదే తప్పని నమ్ముతూనే ఆవిడ చివరిదాకా బతికింది.

పెదనాన్న ఉద్యోగం మానేశాడు. కానీ రోజూ పొద్దున యార్డు గేటు దగ్గరికి వెళ్ళి, వచ్చేపోయేవాళ్ళని ఆపి చెప్పేవాడు. పిన్ను పెట్టలేదురా నేను, ముందే పిలిచాను. వాళ్ళు చెయ్యి పట్టుకుని, "అవునవును డిక్షనరీ గారూ, ఇంటికెళ్ళండి, ఎండగా ఉంది" అనేవాళ్ళు. పాపం, మతి చలించిందని చెప్పుకున్నారు. ఆయన ఎంత చెబితే అంత గొప్పవాడయిపోయాడు. మంచితనమంటే అదీ అని కొత్తవాళ్ళకి దూరం నుంచి చూపించేవాళ్ళు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికొచ్చాడు. చెప్పులు విప్పలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు. మనిషి సగమయిపోయాడు. చొక్కా గుండీలు రెండు పెట్టుకోలేదు, పెట్టుకోలేక.

"ఎవరూ నమ్మట్లేదే" అన్నాడు.

నేను తలుపు రెక్క పట్టుకుని గడప ఇవతలే నిలబడ్డాను.

"నీకు తెలుసు కదా. నువ్వయినా అను. నువ్వే చంపావు పెదనాన్నా అని ఒక్కసారి అను. ఒక్కళ్ళన్నా అనాలి కదమ్మా. అంటే నేను... ఒక్కసారి అను క్లిప్పూ."

అప్పటిదాకా నాకు ఏడుపే ఉంది. ఆ పేరు వినేసరికి కోపమొచ్చింది. ఎంత దర్జాగా వచ్చి అడుగుతున్నాడు! అనేస్తే ఈయన బరువు దిగిపోతుంది, ఇంటికెళ్ళి నిద్రపోతాడు. నా మొగుడి బరువు ఎవరు దించుతారు? ఆయన కళ్ళలోకి చూసి అన్నాను:

"నువ్వు తప్పు పిలవవు పెదనాన్నా. ముప్పై ఎనిమిదేళ్ళలో ఒక్కటీ తప్పలేదు. ఆరుగురూ సంతకాలు పెట్టారుగా."

నేను తలుపు వేసేశాను. లోపల గడియ పెడుతుంటే నాకు హాయిగా అనిపించింది. సిగ్గుపడకుండా చెబుతున్నాను, హాయిగానే అనిపించింది. సాయంత్రం దాకా ఉంది ఆ హాయి. తర్వాత మెల్లగా అర్థమైంది. నువ్వే చంపావు అని నేను అంటే, ఆ వెంటనే ఇంకోమాట కూడా అనాల్సి వచ్చేది. నాకు తెలిసి కూడా చెప్పలేదు అని. ఒక్క మాట చెప్పి ఉంటే మా ఆయన నిచ్చెన ఎక్కేవాడు. ఆయన అంత పొడుగు, రెండు మెట్లు ఎక్కితే చాలు, పిన్ను కనపడేది.

మళ్ళీ పెదనాన్న మా గుమ్మం తొక్కలేదు. పదకొండు నెలలకి మంచంలోనే పోయాడు. చివరి వారం ఎవరితోనూ మాట్లాడలేదని పెద్దమ్మ చెప్పింది. యార్డు ఒక పూట మూసేశారు. ఆరుగురూ మోశారు. కొత్తవాళ్ళకి పని నేర్పే షెడ్డులో ఆయన ఫోటో పెద్దది చేయించి పెట్టారు, కింద ఒక్క పిలుపూ తప్పని మనిషి అని రాయించారు. నేను వెళ్ళాను. ఏడ్చాను కూడా. ఎవరి కోసమో నాకే తెలియదు.

ఇది జరిగి ఆరేళ్ళు. నేనింకా ఆ కిటికీ వెనకే ఉన్నాను. ఎక్కడికి పోతాను? నాకొచ్చినవి ఆ నూట పద్నాలుగు మాటలే. ఇప్పుడు నిచ్చెన ఎక్కి చూడటం తప్పనిసరి చేశారు, ఎక్కుతున్నారు కూడా. దాని గురించి మంచి చెప్పాలంటే అదొక్కటే.

పోయిన వారం ఒకామె కొత్తగా చేరింది. పాతికేళ్ళుంటాయి, గట్టి మనిషి. మన భాష కాదు, మన మాటలు సగం సగం వస్తాయి. చేతిలో చిన్న నోటుబుక్కు. రోజూ కిటికీ దగ్గరకొచ్చి ఒక్కో వస్తువు అడిగి, పట్టుకుని చూసి, దాని పేరు తన లిపిలో రాసుకుంటుంది. షాకిల్ రాసుకుంది. హుక్కు రాసుకుంది. రాసుకుని పెన్ను ఆపింది.

"అక్కా, ఇంకొకటి. ఫోర్‌మన్ రోజూ అంటాడు. పొడుగోడు. పొడుగోడు చెయ్యొద్దు, పొడుగోడు చేస్తే తీసేస్తా. అది ఏ డబ్బాలో ఉంటుంది?"

నాకు ఒక్క క్షణం కిటికీ ఊచలు కనపడలేదు.

"అది వస్తువు కాదమ్మా" అన్నాను.

"ఇంగ్లీషేనా?"

"కాదు."

"అర్థం ఏంటి?"

నిజం ఒకటుంది, చెప్పడానికి గంట పడుతుంది. ఆమెకి మన మాటలు సగమే వస్తాయి. ఇంకో పది నిమిషాల్లో ఆమె వెళ్ళి ఒక చట్రం కింద నిలబడాలి. చూడకుండా పలకకూడదు, అదొక్కటి ఆమెకి తెలియాలి. ఇవాళే తెలియాలి.

"పైనున్నవాడు పిలిచాడు కదా అని, కిందున్నవాడు చూడకుండా బదులు పలికితే దాన్ని పొడుగోడు అంటారు" అన్నాను. "నువ్వు పలక్కు. ఎవరు పిలిచినా సరే, ఎక్కి నీ కళ్ళతో చూసుకో."

"చూడకుండా పలికితే పొడుగోడు" అని తిరిగి చెప్పింది, సరిగ్గా పలికానా అన్నట్టు నా మొహంలోకి చూసి.

"అంతే" అన్నాను.

హుక్కు కింద రాసుకుంది. తర్వాత టర్న్‌బకిల్ అడిగింది. తేవడానికి లేచాను.